యాసిడ్‌లో వేయని పొర

ఒక వస్తువు మంచిదో కాదో తెలుసుకోవాలంటే దాన్ని పాడుచేయక తప్పదా? ఈ ప్రశ్న చాలా ఏళ్ళుగా నాతోపాటు ఇళ్ళు మారుతోంది. ఢిల్లీ జియా సరాయ్‌లో అద్దె గది నుంచి మునీర్కా ఫ్లాటుకీ, అక్కడి నుంచి ఇప్పుడుంటున్న నోయిడాకీ నా సామానుతోపాటే వచ్చింది. దాన్ని నాకిచ్చిన మనిషి పోయిన నెల వెళ్ళిపోయారు. ఆవిడ నాకు పరిశోధన నేర్పిన గురువు. మేమంతా మేడం అనేవాళ్ళం. ఇక్కడా ఆ మాటే వాడతాను. ఇంకే పేరుతో పిలిచినా ఆవిడ వెనక్కి తిరిగి చూడరనిపిస్తుంది.

కబురు చెప్పింది ఆవిడ భర్త. సైన్యంలో పనిచేసి రిటైరైన కల్నల్. ఫోన్ చేస్తే ముందు తన పేరు, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారో చెప్పి, ఆ తర్వాతే విషయంలోకి వస్తారు. ఎన్నేళ్ళ పరిచయమైనా అంతే. ఆ రోజు పేరు చెప్పలేదు. అక్కడే నాకు భయం వేసింది.

"అమ్మాయ్, మీ మేడం వెళ్ళిపోయిందమ్మా" అన్నారు. "పొద్దున చాయ్ తాగింది. బఠాణీలు ముందేసుకుని బాల్కనీలో ఎండకి కూర్చుంది. నేను కిందికి పోయి పాలు తెచ్చేలోపల... అంతే."

నేను పాఠం చెప్పే కాలేజీలో, స్టాఫ్‌రూంలో నిలబడి ఉన్నాను. చేతిలో సుద్దముక్క ఉంది.

"బఠాణీలు ఒలిచేశారా అంకుల్?" అని అడిగాను. ఎందుకలా అడిగానో ఇప్పటికీ తెలీదు. ఏడవాలి, ఎలా జరిగిందని అడగాలి, వస్తున్నాననాలి. ఇదేం ప్రశ్న?

ఆయన కోప్పడలేదు. "సగం" అన్నారు.

ఆవిడ్ని మొదటిసారి చూసింది ఇంటర్వ్యూలో. నేను ఖమ్మం నుంచి వచ్చి, కిటికీ తెరిస్తే పక్కింటి గోడ చేతికి తగిలే గదిలో ఉంటూ చదువుకుంటున్న రోజులు. బల్లకి అవతల ఉన్న పెద్దమనుషులు సూత్రాలు అడిగారు. కొన్ని చెప్పాను, కొన్ని నీళ్ళు నమిలాను. చివర్లో, అంతసేపూ మాట్లాడని ఒకావిడ తెలుగులో అడిగారు. కర్నూలు యాస.

"చీరకి ఫాల్ కుట్టడం వచ్చునా పాపా?"

నాకు ఒళ్ళు మండింది. మగపిల్లాడినైతే ఈ మాట అడుగుతారా అనుకున్నాను. అయినా, "వచ్చు మేడం" అన్నాను.

"కుట్టకముందు ఏం చేస్తావు?"

"ఫాల్‌ని నీళ్ళలో నానబెట్టి ఆరేస్తాను."

"ఎందుకంట?"

"లేకపోతే మొదటి ఉతుక్కే ఫాల్ కుంచించుకుపోతుంది మేడం. చీర అంచంతా ముడతలు పడుతుంది."

"అంతే. మా ల్యాబులో నువ్వు చెయ్యబోయేదీ అదే. ఇంక పో, బయట కూర్చో" అన్నారు. మిగతా వాళ్ళకి ఏమీ అర్థం కాలేదు. నాకూ కాలేదు. మగపిల్లల్నీ అదే అడిగారని తర్వాత తెలిసింది. ఒక హర్యానా అబ్బాయి "మేడంజీ, అది టైలర్‌కి ఇచ్చేస్తాం" అన్నాడట. అతన్నీ తీసుకున్నారు. "తెలీనిది తెలీదన్నాడు కదా, వాడితో పని చెయ్యొచ్చు" అన్నారు.

మా పని ఏమిటో ఇక్కడ కొంచెం చెప్పాలి. లేకపోతే ఆవిడ గురించి నేను చెప్పేదేదీ నిలబడదు. ఇంట్లో వెలిగే తెల్లటి ఎల్‌ఈడీ బల్బులో వెలుగు పుట్టేది బల్బంతటా కాదు, వెంట్రుక కన్నా చాలా పలచటి ఒక స్ఫటికపు పొరలో. గాలియం నైట్రైడ్ అంటారు దాన్ని. ఆ పొర గాలిలో పెరగదు, కింద ఏదో ఒక పలక కావాలి. చవగ్గా, పెద్దగా దొరికేది సిలికాన్ పలక. తంటా ఏమిటంటే, పై పొరలో పరమాణువులు కూర్చునే ఎడం వేరు, కింద సిలికాన్‌లో ఎడం వేరు. ఆ ఎడాలు కుదరని చోట వరస తప్పుతుంది. అలా తప్పిన వరస ఒక దారంలా కింది నుంచి పై దాకా సాగుతుంది. దాన్నే లోపం అంటాం. ఆ దారం దగ్గర వెలుగు పుట్టదు, వేడిగా మారి పోతుంది. పైగా ఇదంతా కొలిమి లాంటి వేడిలో పెరిగి చల్లారాలి. చల్లారేటప్పుడు రెండూ రెండు రకాలుగా కుంచించుకుంటాయి. పొర పగుళ్ళిస్తుంది.

లోకమంతా దీనికి ఒక పద్ధతి పట్టుకుంది. పొరకీ పలకకీ మధ్య ఇంకో నాలుగు పొరలు వేసి, గొడవలన్నీ అక్కడే తేల్చుకోనివ్వడం. మేడం ఇంకో దారి పట్టారు. కింది పలకనే బాగా పలచన చేస్తే? అది ఎంత పలచగా ఉండాలంటే, పై పొర లాగినప్పుడు పొర కాదు, పలకే సాగాలి. లోపం పుట్టక తప్పదంటే అది కిందికి దిగి పలకలో పుట్టాలి. పైది శుభ్రంగా ఉండాలి. ఫాల్ మెత్తగా ఉంటే చీర బాగుంటుంది, ఫాల్ మొండిదైతే చీర ముడుచుకుంటుంది. ఆవిడ పరిశోధనంతా ఇంతే. ఒక్క మాటలో చెప్పడం తేలిక, చేయడానికి జీవితం పట్టింది.

ఒకసారి సెమినార్లో ఒక పెద్దాయన లేచి, చాలా మెచ్చుకోలుగా, "వహ్! మన భారతీయ స్త్రీ లాంటిదన్నమాట మీ సిలికాన్. తను వంగి, పై వాళ్ళని నిలబెడుతుంది" అన్నారు. హాల్లో నవ్వులు, చప్పట్లు.

మేడం మైకు దగ్గరికి వంగి, "సార్, నా సిలికాన్‌కి పెళ్ళి కాలేదు. అత్తగారు లేరు. మందం తగ్గించాం కాబట్టి వంగుతోంది. మీ మందం తగ్గిస్తే మీరూ వంగుతారు" అన్నారు. ఆ తర్వాత మా ల్యాబులో ఎవరైనా మొండికేస్తే "ఇతని మందం తగ్గించాలి" అనేవాళ్ళం.

నవ్వడానికి బాగుంది. కానీ బయటికొచ్చాక కారిడార్లో ఆవిడ నాతో అన్నారు: "ఆ పోలిక నా దగ్గర ఎవురూ తేవద్దు పాపా. చానా ఊర్లు తిరిగి తిరిగి వంగినాను నేను. అది సైన్సు గాదు."

నిజమే, ఊళ్ళు తిరిగారు. అంకుల్‌కి ఎక్కడ పోస్టింగయితే అక్కడికి. ఒక కంటోన్మెంటులో పరిశోధన మొదలుపెట్టడం, అది మధ్యలో ఉండగానే ట్రంకుపెట్టెల మీద కొత్త ఊరి పేరు రాయడం. ఢిల్లీకి వచ్చాక మాత్రం ఆగిపోయారు. ఆ తర్వాత అంకుల్‌కి వచ్చిన పోస్టింగులకి కుటుంబాన్ని తీసుకెళ్ళొచ్చు. ఆవిడ వెళ్ళలేదు. ఈ కథ అంకులే చెప్పేవారు, ఇంటికెళ్ళినప్పుడల్లా, తన మీద తనే జోకు వేసుకున్నట్టు.

"ఆర్డర్ కాగితం చూపించినాను. మీ మేడం చదివి మడిచి ఇచ్చింది. 'ఈసారి సర్దుకునేది మీ వంతు' అనింది. ఠీక్ హై అన్నాను. సైన్యంలో ఎదురు చెప్పడం నేర్పరు గదా!"

"ఎదురు చెప్పకుండా రైలెక్కినారు. స్టేషన్‌లో మాత్రం మొహం ఇంత చేసుకున్నారు" అనేవారు మేడం వంటింట్లోంచి.

అప్పుడు వాళ్ళ అమ్మాయి స్కూలు పిల్ల. తండ్రిని సెలవుల్లో మాత్రమే చూస్తూ ఢిల్లీలో పెరిగింది. నాకు ఆ అమ్మాయి గుర్తున్నది ల్యాబు బయట బెంచీ మీద, బూట్లతో సహా కాళ్ళు పైకి పెట్టుకుని హోంవర్క్ చేస్తూ. తెలుగులో పలకరిస్తే హిందీలో జవాబు చెప్పేది. ఇప్పుడు గుర్‌గావ్‌లో ఉద్యోగం చేస్తోంది. ఇప్పటికీ హిందీలోనే జవాబు చెప్తుంది.

మేడం అలవాట్లలో నాకు బాగా గుర్తున్నది చలికాలం. పొర పెరగడానికి పట్టే సమయం కన్నా చల్లారడానికి ఎక్కువ పట్టేది. కుర్రవాళ్ళకి ఓపిక ఉండదు కదా, వేడిని గబగబా దించేయాలని చెయ్యి లాగేది. మేడం మమ్మల్నందర్నీ యంత్రం దగ్గర్నుంచి లేపి బయటి కారిడార్లోకి, ఎండలోకి తీసుకెళ్ళేవారు. అక్కడ పాత దుప్పటి పరిచి, సంచీలోంచి బఠాణీలు కుమ్మరించేవారు. ఢిల్లీ చలికాలపు బఠాణీలు, తియ్యగా ఉంటాయి. అందరం కూర్చుని ఒలిచేవాళ్ళం. హర్యానా అబ్బాయి ఒలిచినవి ఒలిచినట్టు నోట్లో వేసుకునేవాడు.

"అరే, నీకు జీతం ఇచ్చేది తినడానికా?"

"మేడంజీ, నేను క్వాలిటీ చెక్ చేస్తున్నా!"

"చేసిన శాంపిలంతా మాయమైపోతాంటే అదేం చెక్‌రా?"

అప్పుడు అందరం నవ్వాం. ఆ మాట ఎంత లోతుకి పోతుందో నాకు తర్వాత తెలిసింది. ఎవరైనా లేచి "మేడం, చాలేమో, చూద్దామా" అంటే ఆవిడ తలెత్తకుండా "చల్లారనీ" అనేవారు. మా అందరికీ అదొక ఊతపదమైపోయింది. మా ఆయనతో గొడవైతే ఇప్పటికీ నేను అనుకునేది అదే.

చెక్ మాట వచ్చింది కదా. పొరలో లోపాలు ఎన్ని ఉన్నాయో కంటితో చూస్తే కనబడవు. అద్దంలా మెరిసే పొరలోనూ కుప్పలుగా ఉండొచ్చు. మేము చేసే పని ఏమిటంటే, వజ్రపు మొన ఉన్న పెన్నుతో గీత గీసి పలకని రెండు ముక్కలు చేయడం. ఒక ముక్కని దాచిపెట్టడం, రెండోదాన్ని కాగుతున్న యాసిడ్‌లో ముంచడం. లోపం ఉన్న చోటల్లా యాసిడ్ ముందుగా తింటుంది. తర్వాత మైక్రోస్కోపు కింద పెడితే ఆరు మూలల చిన్నచిన్న గుంటలు కనిపిస్తాయి. ఒక్కో గుంట ఒక్కో లోపం. ఆ ముక్క ఇంక దేనికీ పనికిరాదు. యాసిడ్‌లోకి పోయే ముక్కని మా ల్యాబు పిల్లలు షహీద్, అంటే అమరవీరుడు, అనేవాళ్ళు. అంకుల్‌కి ఈ సంగతి తెలిసి, "మా మాట తీసుకుపోయి యాసిడ్‌లో వేస్తారా?" అని చిన్నబుచ్చుకున్నారు కూడా.

ఎక్స్‌రే లాంటి పద్ధతులూ ఉన్నాయి, మేమూ చేసేవాళ్ళం. కానీ మేడం గుంటల్నే నమ్మేవారు. "ఎక్స్‌రే ఊరంతటి గురించి చెప్తుంది. గుంట ఇంటి నంబరు చెప్తుంది" అనేవారు.

ఇక ఆ చివరి పొర.

మేడం దారి గిట్టుబాటు కాదని అప్పటికే చాలామంది వదిలేశారు. పొరలు పెంచే మా యంత్రాన్ని కూడా, పొరకీ పలకకీ మధ్య నాలుగు పొరలు వేసే ఆ పనికే అప్పగించాలని నిర్ణయమైంది. అందులో తప్పేం లేదు, ఆ దారి పనిచేస్తోంది మరి. మాకు చివరగా ఒక్కసారి వాడుకునే అవకాశం ఇచ్చారు. మేడం ఆ ఒక్కసారీ తను ఎన్నాళ్ళుగానో చేయాలనుకుంటున్నది చేశారు. సిలికాన్ పలక మధ్యలో వెనక వైపంతా తొలిచేసి, తప్పెట మీద చర్మంలా ఒక పలచటి తెరని మాత్రం మిగిల్చారు. ఆ తెర మీద పొరని పెంచాం. తెర వెనక ఏమీ లేదు, గాలి తప్ప. వంగడానికి దానికి అడ్డే లేదు.

ఆ రోజూ బయట ఎండలో కూర్చున్నాం. ఎవరూ జోకులు వేయలేదు. బఠాణీలు అన్నీ అయిపోయాక కూడా ఖాళీ తొక్కల్నే తడుముతూ కూర్చున్నాం. లోపలికెళ్ళి మూత తీస్తే, ఒక్క పగులు లేదు. నేను అంత శుభ్రమైన పొరని అంతకుముందు చూడలేదు. మేడం ట్యూబులైటు కింద దాన్ని వాల్చి, అందులో లైటు ప్రతిబింబం ఎక్కడైనా విరుగుతుందేమోనని ఈ చివర నుంచి ఆ చివరికి చూశారు. ఎక్కడా విరగలేదు. ఆవిడ దాన్ని ఇంకోసారి వాల్చి చూశారు. పొర జారుతుందేమోనని నేను కింద దోసిలి పట్టాను.

పాత లెక్క ప్రకారం తర్వాత రెండు ముక్కలు చేయాలి. కానీ తప్పెట చర్మాన్ని సగానికి కోస్తే ఏముంటుంది? మొత్తం చిరిగిపోతుంది. ఎక్స్‌రే తీశాం. తెర కొంచెం ఉబ్బి ఉంది, ఆ వంపు వల్ల వచ్చిన గీత నమ్మదగ్గది కాదు. అంటే, తెలుసుకోవాలంటే ఉన్న ఒక్కదాన్నీ యాసిడ్‌లో ముంచాలి. అప్పుడు జవాబు మిగులుతుంది, పొర మిగలదు. మళ్ళీ పెంచడానికి యంత్రం లేదు.

"ముంచుదామా మేడం?" అన్నాను. నా థీసిస్‌లో ఆఖరి అధ్యాయం దాని మీదే ఆగింది.

"ఉండనీ" అన్నారు.

"ఎన్నాళ్ళు?"

"చల్లారనీ."

అది చల్లారిపోయింది, చేత్తో పట్టుకున్నాం కూడా. నా థీసిస్‌లో ఆ అధ్యాయం "పగుళ్ళు లేని పొర లభించింది, లోపాల లెక్క చేపట్టలేదు" అన్న వాక్యంతో ముగిసింది. దాని మీద రాసిన పేపర్ని పరిశీలకులు వెనక్కి పంపారు, లెక్క ఎక్కడ అని. న్యాయమైన ప్రశ్న. మేడం జవాబు రాయకుండా పేపర్ని వెనక్కి తీసుకున్నారు. నా గదిలో ఉండే అమ్మాయి, కరోల్ బాగ్‌లో కోచింగ్ తీసుకుంటూ సివిల్స్ రాస్తూనే ఉండేది, ఇదంతా విని, "మాకు ఫెయిలైనా రిజల్టంటూ వస్తుంది. మీ మేడమేంటి, రిజల్టే వద్దంటోంది?" అంది.

ల్యాబులో కొందరు ఆవిడ భయపడ్డారన్నారు. లెక్క తప్పుగా వస్తే ఇన్నేళ్ళ పని ఏమైపోతుందోనని. నాకు కోపం వచ్చింది కానీ, కాదని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. తెలీనిది తెలీదని చెప్పేవాళ్ళని మెచ్చుకునే మనిషి, తెలుసుకునే దారి ఎదురుగా పెట్టుకుని ఎందుకు ఆగారు? భయమా? లేక ఆ పొరని అలా కళ్ళతో చూశాక ఆవిడకి ఇంక లెక్క అక్కర్లేకపోయిందా? సైన్సులో అలా అనకూడదని నాకు నేర్పింది ఆవిడే కదా.

రిటైరైన రోజు ఆవిడ నా చేతిలో ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా పెట్టారు. లోపల ఆ పొర. తెర అదిరి చిరగకుండా వెనకవైపు ఒక గాజుపలక మైనంతో అంటించి ఉంది.

"నీ దగ్గర పెట్టుకో. ఎప్పుడన్నా యాసిడ్‌లో వెయ్యాలనిపిస్తే వెయ్యి. నన్ను మాత్రం అడగొద్దు."

"వేసి, ఎన్ని వచ్చాయో మీకు చెప్పాలా మేడం?"

ఆవిడ డబ్బా మూత ఒకసారి నొక్కి చూశారు. "అది కూడా నన్ను అడగొద్దు" అన్నారు.

కొత్త మైక్రోస్కోపులు వచ్చాయి, పాడుచేయకుండానే లోపాలు చూడొచ్చని మధ్యలో విన్నాను. తెలిసిన ల్యాబులో అడిగాను. అక్కడివాళ్ళు డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసి, "మా యంత్రంలో గాలి మొత్తం తీసేస్తామండీ. మీ తెరకీ గాజుకీ మధ్య గాలి చిక్కుకుని ఉంది. అది తోసుకొచ్చి తెరని చింపేస్తుంది. మైనం కరిగించి గాజు ఊడదీద్దామన్నా వేడికి అదే జరుగుతుంది" అన్నారు. కాపాడటానికి అంటించిన గాజే ఆ దారి మూసేసింది. మేడంకి ఈ మాట చెప్పలేదు. అడగొద్దన్నారు కదా.

ఆఖరిసారి చూసింది డిసెంబరులో, ద్వారకాలో వాళ్ళింట్లో. బాల్కనీలో ఎండ, బఠాణీలు. చిక్కిపోయారు, కానీ వేళ్ళు చురుగ్గానే ఉన్నాయి. టీవీలో దేశంలో కొత్తగా కడుతున్న చిప్ ఫ్యాక్టరీల గురించి చెప్తున్నారు. అంకుల్ శబ్దం పెంచి, "చూడు, ఇప్పుడు అందరూ మీ సబ్జెక్టే మాట్లాడుతున్నారు" అన్నారు. "నా సబ్జెక్టు గాదులే. నా పక్కింటోళ్ళ సబ్జెక్టు" అన్నారు మేడం. తర్వాత, మామూలుగా, కూర సంగతి అడిగినట్టు నన్ను అడిగారు.

"డబ్బా ఉందా?"

"ఉంది మేడం. కిటికీ దగ్గర పెట్టాను."

"మబ్బు పట్టిందా పైన?"

"లేదు. అలాగే ఉంది."

"సరే" అని ఇంకో కాయ అందుకున్నారు. ఇంకేమీ అడగలేదు. నేనూ అడగలేదు. అప్పుడైనా "ఎందుకు ఆగారు మేడం?" అని ఒక్క మాట అంటే సరిపోయేది.

పదకొండో రోజు వాళ్ళింట్లో చాలామంది ఉన్నారు. పాత విద్యార్థులు, అంకుల్ వాళ్ళ రెజిమెంటు స్నేహితులు, పక్క ఫ్లాట్ల ఆంటీలు. అందరూ మేడం గొప్ప శాస్త్రవేత్త అంటున్నారు. వాళ్ళమ్మాయి నన్ను బాల్కనీలోకి పిలిచింది. తలుపు దగ్గరగా వేసి, హిందీలో అడిగింది.

"దీదీ, సచ్ బతాయియే. మమ్మీ సహీ థీ యా నహీ?" నిజం చెప్పండి, అమ్మ చెప్పింది సరైనదా కాదా.

"అంటే?"

"వాళ్ళంతా గొప్ప అంటున్నారు. వాళ్ళకి తెలీదు. మీకు తెలుసు. మమ్మీ ఐడియా పనిచేసిందా లేదా?"

తెలీదన్నాను. తెలుసుకునే దారి ఒకటుందని, దాని వెల ఏమిటో, డబ్బా గురించి మొత్తం చెప్పాను. చిన్నప్పుడు ల్యాబు బయట బెంచీ మీద కూర్చున్నప్పటిలాగే మోకాళ్ళు దగ్గరికి లాక్కుని వింది.

"తో కీజియే నా" అంది. మరి చేసేయండి. "ముంచండి దాన్ని."

"అది పోతుంది కదమ్మా."

"పోనివ్వండి! దీదీ, నాన్న ట్రైన్ ఎక్కేటప్పుడు ప్రతిసారీ నేను స్టేషన్‌లో ఏడ్చాను. మమ్మీ ఢిల్లీలో ఉండిపోయింది ఆ పొర కోసమే. నా చిన్నతనంలో మేం ముగ్గురం ఒక ఇంట్లో లేకపోవడానికి అదే కారణం. అది మంచిదో కాదో నాకు తెలియాలా వద్దా?"

అంకుల్ ఎప్పుడు వచ్చారో తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. చేతిలో ఎవరికో ఇవ్వబోతున్న నీళ్ళ గ్లాసు.

"వద్దమ్మాయ్" అన్నారు నాతో.

"పాపా, ఎందుకు వద్దు?" అంది తండ్రి వైపు తిరిగి.

ఆయన కూతురికి తెలుగులోనే చెప్పారు, మెల్లగా. "అది మంచిది కాదని తేలితే, ఆ ఏండ్లన్నీ తప్పైపోతాయా బిడ్డా? మంచిదని తేలితే, నువ్వు ఏడ్చింది ఏడవనట్టు అయితాదా?"

ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. "మీరు ఎప్పుడూ ఠీక్ హై అనేస్తారు పాపా. మమ్మీతోనూ అంతే. నేను అననంతే" అంది. తర్వాత ఇద్దరూ నావైపు చూశారు. ఆ చూపు నాకు తెలుసు. ఆ ఇంటర్వ్యూ గదిలో, ఫాల్ కుట్టడం వచ్చునా అని అడిగాక, మేడం అలాగే చూశారు. కానీ అప్పటి ప్రశ్నకి నాకు జవాబు వచ్చు.

ఆలోచించి చెప్తానన్నాను. ఇంకా చెప్పలేదు.

ఆ అమ్మాయి అడిగినదాంట్లో న్యాయముంది. మేడం నేర్పిన చదువు కూడా ఆ అమ్మాయి పక్షానే ఉంది. లెక్క లేని చోట గొప్ప అనకూడదు. ఆవిడ దారి సరైనదని తేలితే, ఇవాళ ఎవరో ఒక పిల్ల ఆ దారిని మళ్ళీ తెరవొచ్చు. తప్పని తేలినా ఎవరో ఒకరికి కొన్నేళ్ళు మిగులుతాయి. ఆవిడే ఒకప్పుడు అన్నట్టు, "గుంటలు ఎక్కువున్నాయని తేలడం కూడా తేలడమే గదా." ఇవన్నీ నేను నా విద్యార్థులకి చెప్పే మాటలే. పొయ్యి మీద యాసిడ్ కాగించడానికి కాలేజీ ల్యాబులో ఒక పూట చాలు. ఆ వేడికి తెర చిరిగినా, ముక్కల మీదే గుంటలు లెక్కపెట్టొచ్చు. తీరా ఆ డబ్బా మీద చెయ్యి వేస్తే, ట్యూబులైటు కింద దాన్ని వాల్చి పట్టుకున్న ఆవిడ చెయ్యి గుర్తొస్తుంది. ముంచితే నేను ఆవిడకి ద్రోహం చేసినట్టా, ముంచకపోతే ఆవిడ నేర్పినదానికా? ఒక్కోసారి ఇంకో అనుమానం కూడా వస్తుంది. ఆవిడకి భయమని అన్నవాళ్ళ మీద కోపం తెచ్చుకున్నాను కానీ, ఇప్పుడు భయం నాదేనేమో.

డబ్బా మా వంటింటి కిటికీ దగ్గరే ఉంది. మూత తీసి ఉంచుతాను, దుమ్ము పడకుండా పైన గాజుగ్లాసు బోర్లించి. పొద్దున, చలిలో, కిటికీ ఊచలు అందులో నిటారుగా కనిపిస్తాయి, గీసినట్టు. పదిన్నర దాటి ఎండ సోకాక వెనక చిక్కుకున్న గాలి వేడెక్కి తెర కొంచెం ఉబ్బుతుంది. ఊచలు మెల్లగా వంగుతాయి. ఇన్నేళ్ళుగా ఇలా వంగుతూ, మళ్ళీ సర్దుకుంటూ, ఒక్క గీత కూడా పడలేదు. నిన్న సెలవు కాబట్టి ఇంట్లోనే ఉండి బఠాణీలు ముందేసుకుని దాని ఎదురుగా కూర్చున్నాను. ఎండ వెళ్ళిపోయేదాకా చూశాను. ఊచలు ఒక్కొక్కటిగా మళ్ళీ నిటారుగా నిలబడ్డాయి.

దాన్ని యాసిడ్‌లో వేయాలా, అలాగే ఉంచాలా, నాకు ఇంకా తేలలేదు.